సొరపాదుపై కలహం – సువార్తకు పాఠం



సువార్త ప్రచారానికి భక్తి చాలదా, బైబులు పాండిత్యం ఎందుకు అని అడిగేవారు మనలో ఉన్నారు. పండితుల మాటలు సామాన్యుల విశ్వాసాన్ని చెదరగొడతాయనే భయమూ ఉంది. ఈ భయం నేటిది కాదు.

382లో జగద్గురువు దమాసు గారు లాటిను సువార్తలను సరిచూసే పనిని పునీత జెరోము గారికి అప్పగించారు. తరువాత ఆయన బేత్లెహేములో ఉండి పూర్వవేదాన్ని హీబ్రూ మూలం నుండి తర్జుమా చేశారు. యోనా ప్రవక్తకు నీడనిచ్చిన మొక్క పాత లాటిను బైబులులో సొరపాదు. జెరోము గారు దానిని గోడలకు పాకే ఐవీ తీగ అన్నారు. ఉత్తర ఆఫ్రికాలోని ఓయా పట్టణంలో, అంటే నేటి ట్రిపోలిలో, ఆ కొత్త మాట దేవాలయంలో చదవగానే జనం గగ్గోలు పెట్టారు. అక్కడి మేత్రాణులు పాత మాటకే తిరిగి రావలసి వచ్చింది. పునీత అగస్తీను గారు 403లో జెరోము గారికి వ్రాసిన లేఖలో ఈ సంగతి ఉంది. నేటి పండితులు పలువురు ఆ మొక్క మన పొలాల్లో కనిపించే ఆముదమే అంటున్నారు!

జెరోము గారికి మూలంలోని సత్యం కావాలి. అగస్తీను గారికి మంద చెదరకూడదు. శ్రీసభకు ఈ ఇద్దరూ కావాలి. మొక్క పేరు ఏదైనా, నీనెవె ప్రజలపై దేవుని కనికరం మారలేదు కదా!

1943 సెప్టెంబరు 30న, జెరోము గారి పండుగనాడే, జగద్గురువు 12వ పయస్ తమ విశ్వలేఖలో మూలభాషలను, ఆనాటి రచనా పద్ధతులను శ్రద్ధగా పరిశీలించమని పండితులను ప్రోత్సహించారు. 1965లో రెండవ వాటికన్ మహాసభ పవిత్ర గ్రంథం విశ్వాసులందరి చేతికీ అందాలని కోరింది. 1993లో పొంటిఫికల్ బైబులు కమిషన్, సందర్భం చూడక ప్రతి అక్షరాన్నీ పట్టుకు వేలాడే పఠనం ప్రమాదకరమని హెచ్చరించింది.

ఇది మన ఇంటి విషయం కూడా. కళాశాలలో చదివే మీ బిడ్డ, "లోకం నిజంగా ఆరు రోజుల్లోనే ఏర్పడిందా?" అని అడిగితే ఏమంటారు? "అలా అడగకూడదు" అని నోరు మూయిస్తే, ఆ బిడ్డ మౌనంగా దేవాలయానికి దూరం కావచ్చు. ఆదికాండము మొదటి అధ్యాయం విజ్ఞానశాస్త్ర పాఠం చెప్పడానికి వ్రాసినది కాదనీ, సమస్తమూ ఒకే దేవుని చేతిపని అని చాటుతున్నదనీ ఓపికగా వివరించండి. అదే సువార్త ప్రచారం.

అపోస్తలుల కార్యములు 8వ అధ్యాయం తెరచి చూడండి. ఇతియోపియా అధికారి యెషయా గ్రంథం చదువుతున్నాడు గాని అర్థం తెలియడం లేదు. ఫిలిప్పు అతన్ని తప్పుపట్టలేదు. రథమెక్కి పక్కన కూర్చుని, అతడు చదువుతున్న చోటి నుండే యేసును ప్రకటించాడు. ఆ అధికారి జ్ఞానస్నానం పొంది ఆనందంతో సాగిపోయాడు.

కనుక ఉపదేశులారా, తల్లిదండ్రులారా, వచ్చే ఆదివారపు పఠనాలను శనివారం రాత్రే ఇంట్లో చదవండి. అధస్సూచికలను దాటవేయకండి. తెలియనిది మీ విచారణ గురువులను అడగండి. తెలిసినది పొరుగువారితో పంచుకోండి. పవిత్రాత్మ సర్వేశ్వరుడు మన బుద్ధికి వెలుగును, మన మాటకు ప్రేమను దయచేయును గాక. ఆమెన్.