తగ్గిన వెలుగు, తెలిసే మసి

గాలిలో మసి ఎంత ఉందో చెప్పే ఈథలోమీటర్ నిజానికి కొలిచేది వెలుగు లేమిని. పంపు లాగిన గాలి వడపోత టేపు గుండా సాగుతుంది, కణాలు దాని మీద చుక్కగా పేరుకుంటాయి. ఆ చుక్క గుండా వచ్చే కాంతిని, పక్కనే కణాలు పడని టేపు గుండా వచ్చే కాంతిని పోలుస్తారు. తేడా ఎంత వేగంగా పెరుగుతోందన్నదే లెక్కకు ఆధారం. మసికి 880 నానోమీటర్ల కాంతిని వాడతారు. అక్కడ తక్కిన కణాలు కాంతిని పెద్దగా పీల్చుకోవు.

లేనిదాన్ని బట్టి ఉన్నదాన్ని తెలుసుకోవచ్చా? భారతీయ తర్కంలో ఈ ప్రశ్న చీకటి గురించి వచ్చింది. చీకటి ద్రవ్యమేనని భాట్ట మీమాంసకుల వాదం: నల్లగా కనబడుతుంది, కదులుతుంది. న్యాయశాస్త్రాన్ని అనుసరించే నైయాయికులు దీన్ని ఒప్పుకోలేదు. తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసిన దీపికలో దీనికి జవాబిచ్చాడు. రంగున్న ద్రవ్యాన్ని కన్ను చూడాలంటే వెలుతురు కావాలి, చీకటిని చూడడానికి అక్కర్లేదు. కనుక చీకటి తేజస్సు లేకపోవడమే.

అయితే అభావజ్ఞానానికి, అంటే ఒకటి లేదని తెలుసుకోవడానికి, గట్టి షరతు ఉంది. ఉండి ఉంటే తప్పక కనిపించేదైతేనే, కనిపించనప్పుడు లేదనగలం. చీకటి గదిలో కుండ కనబడలేదని కుండ లేదనలేం. దీన్నే యోగ్యానుపలబ్ధి అన్నారు. టేపులోని శుభ్రమైన భాగం ఈ యోగ్యతను సమకూరుస్తుంది: మసి లేకుంటే ఎంత వెలుగు రావాలో అదే చెబుతుంది. పరికరంలోని దీపం మందగిస్తే వెలుగు రెండు చోట్లా తగ్గుతుంది గనుక ఆ తరుగు మసి ఖాతాలో పడదు.

అసలు చిక్కు ఆ తర్వాతే. తగ్గిన వెలుగంతా మసే మింగిందనడానికి వీల్లేదు. కణాలు కొంత కాంతిని చెదరగొడతాయి. వడపోత నారల మధ్య కాంతి పలుమార్లు మళ్ళి శోషణను పెంచి చూపుతుంది. చుక్క ముదిరేకొద్దీ కొత్త మసి అసలుకన్నా తక్కువగా కనబడుతుంది. న్యాయశాస్త్రంలో నిప్పును బట్టి పొగ ఉందని ఊహించడం దోషం, ఎందుకంటే తడి కట్టె తోడైతేనే పొగ పుడుతుంది. ఆ తడి కట్టె ఉపాధి, అంటే ఊహను చెడగొట్టే దాగిన షరతు. పరికరంలో చేసే సవరణలన్నీ ఇలాంటి ఉపాధులను పట్టుకునే ప్రయత్నాలే.

శోషణ నుంచి బరువుకు చేరడానికి మరో ఊహ కావాలి. 550 నానోమీటర్ల దగ్గర తాజా మసి గ్రాముకు సుమారు 7.5 చదరపు మీటర్ల చొప్పున కాంతిని పీల్చుకుంటుంది. పాతబడి పైన ఇతర పదార్థాల పూత పడితే ఇది పెరుగుతుంది. అందుచేత ఏ గుణకం వాడారో ఫలితంతో పాటే చెప్పాలి. చెప్పకపోతే ఆ అంకె, వ్యాప్తి (గుర్తుకూ దాన్ని బట్టి తెలిసేదానికీ ఉన్న తప్పని సంబంధం) చూపని తార్కిక అనుమానమే.

మసిని శబ్దం ద్వారా కొలిచే ఫోటోఅకౌస్టిక్ పద్ధతి దారి వేరు. దీనికి మూలం అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1880లో గమనించిన ప్రభావం. లేజరును లయగా వెలిగించి ఆర్పితే, కణాలు పీల్చుకున్న కాంతి వేడై చుట్టూ గాలి వ్యాకోచించి శబ్దం పుడుతుంది. చెదిరిన కాంతి శబ్దం చేయదు. ఇది కార్యం నుంచి కారణానికి వెళ్ళే శేషవత్ అనుమానం. కాని నైట్రోజన్ డయాక్సైడ్ కూడా దృశ్యకాంతిని పీల్చుకుని శబ్దం చేస్తుంది. కాబట్టి కణాలను వడగట్టిన గాలిని విడిగా కొలిచి ఆ పాలు తీసేస్తారు: కణాలు లేనప్పుడు ఏం వినబడుతుందో ఇక్కడా ముందే తెలియాలి.