ముందేది, వెనకేది?

జూబ్లీహిల్స్ నుంచి ఫిల్మ్‌నగర్‌కు వెళ్లే దారిలో ఇప్పటికీ అక్కడక్కడా గ్రానైటు బండలు కనిపిస్తాయి. వాటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. వాటి మధ్య నిన్నమొన్నటి సినిమా ఆఫీసులు. ఒక పిల్లవాడికి ఈ చోటు కథ చెప్పాలంటే బండతో మొదలుపెట్టాలా, వాడు రోజూ చూసే పోస్టరుతోనా? జరిగిన వరస, తెలిసే వరస ఒకటి కావు. అమ్మ మనకు ముందు అమ్మగానే తెలుస్తుంది. ఆమె కూడా ఒకప్పుడు లంగా ఓణీ వేసుకున్న ఆడపిల్లేనని ఎన్నో ఏళ్లకు గాని తట్టదు.

ఇక్కడి సినిమా ఆఫీసుల కథా చర్చల్లో రోజుల తరబడి తేల్చుకునేది ఇదే: ఏ సంగతి ఎప్పుడు తెలియాలి? బడిలో మనం చెప్పే పాఠాల్లో ఆ ఆలోచన తక్కువ. పిల్లలకు అడగాలనిపించక ముందే జవాబు చెప్పేస్తాం.

2018లో వెంకటేశ్ మహా తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’ నాకు పాఠం చెప్పిన సినిమా. బడిపిల్లాడు సుందరం, కుర్రాడు జోసెఫ్, ఆపైన ‘గడ్డం’ అనేవాడు, నలభై తొమ్మిదేళ్లొచ్చినా పెళ్లికాని అటెండరు రాజు. నాలుగు ప్రేమలు పక్కపక్కనే నడుస్తాయి. నలుగురూ ఒక్కడేనని చివరికి తెలుస్తుంది. చిన్నప్పటి నుంచి వరసగా చెప్పి ఉంటే రాజు మీద జాలిపడి లేచి వచ్చేవాణ్ణి. కానీ అప్పటికే నలుగురికీ మనసులో వేరువేరు మార్కులు వేసేసి ఉన్నాను. వాటిని నేనే కొట్టేసుకోవలసి వచ్చింది. తరగతిలో వెనక బెంచీ కుర్రాణ్ణి చూసీ అంతే కదా, ఒక్క సీనుతో వాడి జీవితమంతా తెలిసిపోయిందనుకుంటాం.

అయినా ఒక భయం వదలదు. తెలిసి దాచడం ఒకరకం పెత్తనం. 2015లో ‘బాహుబలి’ ఒక ప్రశ్న మిగిల్చి ముగిస్తే ప్రేక్షకులు రెండేళ్లు ఇష్టంగానే ఆగారు. ఇంట్లో తొలిసారిగా బడి మెట్లెక్కిన బస్తీ పిల్ల అలా ఆగగలదా? ఆమెకు వరస అనేది పట్టుకు నడిచే గోడ. ముందూ వెనకా కలిపేసి ఆ ఆసరా తీసేస్తే, తప్పు తనదేననుకుని నోరు మూసుకుంటుంది.

16వ శతాబ్దంలోనే పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో కథను చిక్కుముడిలా అల్లి, పూర్వజన్మ సంగతులు ఒక పసిపాప నోట చెప్పించాడు. నా ఆలోచన ఎప్పుడూ అక్కడే ఆగుతుంది. దాచే హక్కు మాష్టారికే ఎందుకుండాలి? కథ ముక్కలన్నీ ఆ బస్తీ పిల్ల ముందే పరిచి, ‘నువ్వయితే దేనితో మొదలుపెడతావమ్మా?’ అని అడిగి, ఆమె చెప్పేదాకా ఓపిగ్గా కూర్చోగలమా?