ఆటకు కూలీ

ఇంగ్లండులో 1962 వరకూ క్రికెట్‌లో రెండు జాతులుండేవి. సరదాకి ఆడేవాళ్ళు ‘జెంటిల్మెన్’. జీతానికి ఆడేవాళ్ళు ఉట్టి ‘ప్లేయర్స్’. చాలాచోట్ల వీళ్ళకీ వాళ్ళకీ బట్టలు మార్చుకునే గదులు వేరు, మైదానంలోకి వచ్చే గేట్లు వేరు. ఆఖరికి స్కోరు కాగితంలో పేరు అచ్చువేసే తీరు కూడా వేరే! మడీ మైలా మన సొత్తేననుకుంటాం గానీ, చూశారా! బ్యాటు పట్టుకుని షోకు చేయడం దొరలది. రోజంతా భుజం పడిపోయేలా బంతులు వేయడం ఎక్కువగా జీతగాళ్ళది.

అమెరికా వాళ్ళ బేస్‌బాల్ కథా అంతే. అక్కడ బంతి విసిరేవాడే ఆటకు ఆయువుపట్టు. జిమ్ క్రైటన్ అనే కుర్రాడికి 1860లో బ్రూక్లిన్ క్లబ్బొకటి చాటుగా డబ్బిచ్చిందని చెబుతారు. పైకి తెలిస్తే నామోషీ కదా మరి. పాపం, 1862లో ఇరవై ఒకటో ఏటనే పోయాడు. 1869 వచ్చేసరికి సిన్సినాటి జట్టు అందరికీ బాహాటంగానే జీతాలిచ్చింది. ఆకాశమేమీ ఊడిపడలేదు.

మన తెలుగాయన సి.కె. నాయుడు సంగతి తీసుకోండి. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో పుట్టారు. 1923లో ఇండోరు హోల్కర్ మహారాజు పిలిచి తన సైన్యంలో హోదా ఇచ్చారు. పేరుకు సైన్యమే, రాజుగారికి కావలసింది మాత్రం ఆ ఆట. 1926లో బొంబాయిలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎమ్.సి.సి. జట్టు మీద రెండు గంటలలోపే 153 పరుగులు కొట్టారు, అందులో పదకొండు సిక్సర్లు. 1932లో లార్డ్స్‌లో మన మొట్టమొదటి టెస్టుకు ఆయనే కెప్టెను. ఆ పదవి నిజానికి పోరుబందరు మహారాజుగారిది. తన ఆట తనకు తెలిసిన మనిషి కనుక మర్యాదగా తప్పుకున్నారు. ఆ పర్యటనలో నాయుడుగారు పదహారు వందల పైచిలుకు పరుగులు చేసి, బంతితో 65 వికెట్లు కూడా తీశారు.

1936లో అలా జరగలేదు. విజయనగరం రాజకుమారుడు విజ్జీ కెప్టెన్సీ తానే సంపాదించుకున్నారు. మూడు టెస్టుల్లో కలిపి ఆయన చేసినవి 33 పరుగులు. ఆయన కింద నాయుడుగారు మామూలు ఆటగాడిగా ఆడారు. విజ్జీ డబ్బు కోసం ఆడలేదు, నిజమే. ఎందుకు ఆడతారండీ, జమీందారీ రాబడి ఉండగా! ఎవరో దున్ని, ఎవరో పండించి శిస్తు కడితేనే కదా ఒకరు ‘సరదాకి’ ఆడగలిగేది.

ఈ గొడవంతా నాకెందుకంటారా? మా యాచారంలో, మా వీధిలోనే ఒక వదిన జాకెట్లు కుడుతుంది. చేతిలో పనితనం ఉంది. మెడ కత్తిరిస్తే మళ్ళీ చూసుకోనక్కర్లేదు. కానీ డబ్బు అడగలేదు. “గింత జాకెట్టుకు పైసలేంది వదినా, మనం మనం ఒకటే గదా!” అంటూ గుడ్డ పడేసి పోతారు. దారం, హుక్కులు, లైనింగు, కరెంటు బిల్లు ఎవరివో! ఇదే మనుషులు ఇబ్రహీంపట్నం బస్సెక్కి, టికెట్టు డబ్బులు పెట్టుకుని, అక్కడి టైలరు ఎంతంటే అంత ఇచ్చి వస్తారు. ఈవిడ ‘మన మనిషి’ కావడమే ఈవిడ నేరం.

ప్రేమతో చేసే పనికి వెల కడతావా, అంటారు పెద్దవాళ్ళు. ఆ మాటను కొట్టిపారేయను. జ్వరంతో ఉన్నవాళ్ళ పక్కన రాత్రంతా కూర్చున్నవాళ్ళకు కూలి లెక్కగట్టి చేతిలో పెడితే ఎంత అవమానం! అలాగని ప్రేమ ఉందో లేదో గుడ్డ తెచ్చినవాళ్ళే తేల్చేస్తే ఎలా? ఇంకో సంగతి. ఆటలో డబ్బు తీసుకుని కావాలని ఓడిపోయేవాడున్నాడు, వాడు తనది కానిదాన్ని అమ్ముకున్నాడు. జీతం తీసుకుని ఒళ్ళు దాచుకోకుండా బంతి వేసేవాడు అమ్మింది తన శ్రమనే. ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టి ‘డబ్బు మనుషులు’ అనేయడం మనకు బాగా అలవాటు.

1941లో నాయుడుగారి పేరు ఒక లివర్ టానిక్కు ప్రకటనలోకి కూడా ఎక్కింది. మన క్రికెట్ ఆటగాళ్ళలో అలా చేసిన మొదటివారు ఆయనేనంటారు. దాంతో ఆయన సిక్సర్ల పొడవేం తగ్గలేదు. హోల్కర్ జట్టుకు నాలుగుసార్లు రంజీ ట్రోఫీ ఆ తర్వాతే తెచ్చిపెట్టారు. 1956లో పద్మభూషణ్ ఇచ్చారు. అరవై దాటాక కూడా రంజీ ఆడారంటే ఆ మనిషికి ఆట మీద ప్రేమ లేదనగలమా?

నాయుడుగారి కథ వదినకు చెప్పాను. “ఆయన మొగోడు, పైగా కర్నలు. ఆయన అడిగితే చెల్లుతది, నేనడిగితే ఊర్ల ఏమంటరు?” అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. అయినా పోయిన నెల గోడకు ఒక అట్టముక్క తగిలించింది. మామూలు జాకెట్టుకింత, లైనింగుతో అయితే ఇంత అని. ఇద్దరు అలిగి ఇబ్రహీంపట్నం పోయారు. ఒకరు తిరిగొచ్చారు.

వాళ్ళ అక్కకు మాత్రం ఉత్తగనే కుట్టింది. పైగా మెడకు పైపింగు కూడా వేసింది.