ఉచితముగా లభించిన దానికి వెల

సంతలో వెల యిచ్చి కొన్న వస్తువు మంచిచెడ్డలను మానవుడు నిష్కర్షగా విచారించును. ప్రేమతో ఎవరో ఊరక యిచ్చినదానిని అట్లు పరీక్షింపడు. మెప్పు మాత్రము ధారాళముగా కురిపించును. ఆ మెప్పులో సత్యమెంత యను ప్రశ్న కంప్యూటరు ఆటల లోకమున, అందులోను పాశ్చాత్య దేశములలో, ఒక విచిత్రరూపమున పుట్టినది.

అడ్వెంచర్ గేములు అనునవి గురిచూచి కాల్చెడి ఆటలు కావు. కథానాయకుని ఊరూర నడిపించుచు, ఎదురైన వారితో మాటాడించుచు, దొరికిన వస్తువులతో చిక్కుముళ్లు విప్పుచు సాగెడి కథలవి. అమెరికాలోని సియెర్రా సంస్థ పక్షమున రాబర్టా విలియమ్స్ రూపొందించిన కింగ్స్ క్వెస్ట్ 1984లో వెలువడి వీనికి ప్రసిద్ధి తెచ్చినది. 1990ల చివరకు ఆదరణ సన్నగిల్లెను. 1999 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా యందలి ఓక్‌హర్స్ట్‌లో సియెర్రా కార్యాలయము మూతపడినది. పెద్ద సంస్థలు విడిచిన ఆ బీడును అభిమానులు దున్నిరి. క్రిస్ జోన్స్ అను బ్రిటిషు పౌరుడు రూపొందించి ఉచితముగా పంచిన అడ్వెంచర్ గేమ్ స్టూడియో వారికి నాగలి యైనది. 2001లో టియెర్రా అను బృందము, తరువాత ఏజీడీ ఇంటరాక్టివ్ అను పేరు దాల్చినది, తొలి కింగ్స్ క్వెస్ట్‌ను 256 వర్ణములతో తిరిగి చిత్రించి కాసు పుచ్చుకొనక పంచిపెట్టెను. గ్రాహమ్ రాజునకు పూర్వము గొంతునిచ్చిన జోష్ మాండెల్ ఈ అభిమానుల ఆటలోను గొంతునిచ్చెను. 2002లో రెండవ కథ, 2008లో క్వెస్ట్ ఫర్ గ్లోరీ రెండవ భాగము ఆ బృందమునుండియే వచ్చినవి.

ఇట్టివి ఆడి ముగ్ధులై, "అంగడిలో పూర్తి వెల పోసియైనను దీనిని కొందుము" అనువారు లేకపోలేదు. ఈ మాట అసత్యమని కొట్టివేయరాదు. కాని అది వ్యయములేని వాగ్దానము. జేబులో చేయి పెట్టవలసిన అవసరము లేనప్పుడు ఔదార్యము సులభము. తయారుచేసినవాడు ఆ మాటను నమ్మి ఉన్న ఉద్యోగము వదలుకొన్నచో నష్టపడువాడు పొగడినవాడు కాడు.

మరియొక చిక్కు గలదు. ఆడువాని కన్నులు చెమర్చినది క్రొత్త చిత్రములకా, బాల్యమున చూచిన రాజు మరల కనబడినందులకా? రెండవదైనచో ఆ విలువలో పెద్దపాలు 1984 నాటి శ్రమది. హక్కుదారు అనుమతి లేక అభిమాని దానిని అమ్మజాలడు. సిల్వర్ లైనింగ్ అను ఆట కథ దీనికి తార్కాణము. హక్కులు గల వివెండి సంస్థ 2005లో దానిని ఆపించి, పిదప వ్యాపారము చేయరాదను నియమముపై అనుమతించినది. హక్కులు చేతులు మారిన పిమ్మట 2010 ఫిబ్రవరిలో యాక్టివిజన్ మరల ఆపించి, ఆ వేసవిలోనే వదలిపెట్టినది. అదే సంవత్సరము జూలైలో తొలి భాగము ఉచితముగా వెలువడెను. వెల పెట్టు అధికారమే లేనివారిని గూర్చి "ఎంత యిత్తురు" అని లెక్కించుట, పరుల తోటలోని కాయలకు బేరమాడుట వంటిది.

అంగడి వెల అను కొలబద్దయు సరియైనది కాదు. అట్టపెట్టె, రవాణా, ప్రకటనలు, దుకాణదారుని లాభము అన్నియు అందులో ఇమిడియుండెడివి. ఆట కట్టినవాని కాయకమునకు అందులో దక్కునది కొంత మాత్రమే. ఉచితముగా పంచినవాడు ఆ యితర భాగములను పెట్టనే లేదు. అట్టి వెల యితనికి ఇత్తుమనుట గౌరవమే గాని న్యాయమైన లెక్క కాదు.

అయిన జనులు ఈయరా? ఇత్తురు. 2012లో మంకీ ఐలండ్ రచయితలలో ఒకరైన టిమ్ షేఫర్ నాయకత్వమున డబుల్ ఫైన్ సంస్థ క్రొత్త ఆట కొరకు కిక్‌స్టార్టర్ ద్వారా 4 లక్షల డాలర్లు అడుగగా, 87 వేలకు పైగా జనులు 33 లక్షలకు మించి ఇచ్చిరి. సగటున తలకు సుమారు 38 డాలర్లు, అనగా అంగడి వెలకు దగ్గర. విచిత్రమేమన, అప్పటికి ఆట పుట్టనేలేదు. వారు కొన్నది వస్తువును గాదు, ఒక పేరుపై గల నమ్మకమును. పేరు తెలియని అభిమానికి అట్టి పెట్టుబడి దొరకదు. ఉచితముగా పంచిన ఆటలే అతని పేరును నాటును. ఆ పైరు కోతకు వచ్చుట రెండవ ఆటతోనే.

ఏజీడీ బృందములోనివారు హిమాలయ స్టూడియోస్ పేరిట స్వంత పాత్రలతో అల్ ఎమ్మో అను ఆట తయారుచేసి 2006లో అమ్మకమునకు పెట్టిరి. అదే సంవత్సరము న్యూయార్కు వాసి డేవ్ గిల్బర్ట్ ఒక నెల గడువుగల పోటీకై, విశ్వాసము సడలిన యూదు గురువును నాయకునిగా చేసి ది షివా అను చిన్న ఆట కట్టి ఉచితముగా విడిచెను. తరువాత దానిని పెంచి, మెరుగుదిద్ది, స్వల్పమైన వెలకు అమ్మెను. ఊరక ఆడదగిన కథనే కొందరు డబ్బిచ్చి కొనిరి. పెద్ద అంగడి వెల మాత్రము అతడు అడుగలేదు.