బిందె దించుకునే గట్టు

'సేవ' అనే మాట మీద నాకు చాలాకాలంగా అనుమానం ఉంది. పతిసేవ, అత్తమామల సేవ, దైవసేవ... మన ఇళ్ళల్లో ఈ మాట వినబడిన చోటల్లా ఒక ఆడమనిషి జీతంలేని చాకిరీ ఉంటుంది. అందుకే కళాకారులు తామే నడుపుకునే, లాభాపేక్ష లేని కళాకేంద్రాల గురించి చదివేటప్పుడు 'స్థానిక సమాజానికి సేవ చేస్తోంది' అన్న వాక్యం దగ్గర ఆగిపోతాను. ఏం కావాలో ఎవరు నిర్ణయించారు? ఆ 'సమాజం'లో ఆడవాళ్ళున్నారా? పని అయ్యాక ఎవరి పేరు మిగిలింది? ఈ ప్రశ్నలకి బస్తర్‌లో ఒక సంఘం చేసిన పనిలో కొంత జవాబు దొరికింది. దాంతోపాటు అంతకంటే కష్టమైన ప్రశ్న కూడా ఎదురైంది.

బస్తర్ మనకేమంత దూరం కాదు. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం నుంచి కొత్తగూడెం, భద్రాచలం మీదుగా పోయే 30వ నంబరు జాతీయ రహదారి కుంట, సుక్మా, జగదల్‌పూర్ దాటి కొండగావ్ చేరుతుంది. ముంబయి చిత్రకారిణి నవజోత్ అల్తాఫ్ 1990ల చివర్లో అక్కడి శిల్పులతో కలిసి పనిచెయ్యడం మొదలుపెట్టారు. 1949లో మీరట్‌లో పుట్టి, ముంబయి జె.జె. స్కూల్లో చదువుకుని, 1970లలో వామపక్ష యువజన ఉద్యమంతో నడిచిన మనిషి. రాజ్‌కుమార్ కొర్రం, శాంతీబాయి, గెస్సూరామ్ విశ్వకర్మ అనే స్థానిక కళాకారులతో కలిసి ఆమె అక్కడ 'డయలాగ్ ఇంటరాక్టివ్ ఆర్టిస్ట్స్ అసోసియేషన్' ఏర్పాటు చేశారు. పొడి అక్షరాల్లో డి.ఐ.ఎ.ఎ.

వాళ్ళు చేసిన పనులు ముఖ్యంగా రెండు. ఒకటి 'పిల్లా గుడీ', పిల్లలు కూడి బొమ్మలు వేసుకునే, మాట్లాడుకునే చోటు. ఈ పేరుకి తెలుగు చెవికి అనువాదం అక్కర్లేదు. రెండోది 'నల్పార్', అంటే చేతిపంపు చోటు. సర్కారువాళ్ళు బోరింగు దింపి, చుట్టూ నాలుగు తట్టల సిమెంటు పోసి వెళ్ళిపోతే ఏమవుతుందో మనందరికీ తెలుసు. బురద, దోమలు, జారిపడే కాళ్ళు. డి.ఐ.ఎ.ఎ. కళాకారులు ఆ చోటుని ఊరివాళ్ళతో కూర్చుని మళ్ళీ ఆలోచించారు. నీరు నిలవకుండా పోయే దారి, చుట్టూ శిల్పాలూ గుర్తులతో గోడ, ఆడవాళ్ళు నిండు బిందెని నేలమీంచి ఒక్కసారిగా లేపకుండా మధ్యలో ఆనించుకుని, అక్కడి నుంచి పైకెత్తుకోవడానికి గట్టు. కళావిమర్శకుడు గ్రాంట్ కెస్టర్ 2011లో వచ్చిన తన పుస్తకంలో ఈ పనిని వివరంగా చర్చించాడు. నేను వీటిని ఫొటోల్లోనూ, ఇలాంటి రాతల్లోనూ చూసినదాన్నే.

ఒక సదస్సులో ఆ ఫొటోలు చూపించినప్పుడు ఒక పెద్ద ప్రొఫెసర్ గారు "ఇందులో కళేముందమ్మా? ఇది ఇంజనీర్ల పని కదా" అన్నారు. ఇంజనీర్లు ఆ పని దశాబ్దాలుగా చేస్తూనే ఉన్నారు. పైపు ఎన్ని అడుగులో, సిమెంటు ఎన్ని బస్తాలో ఎస్టిమేట్‌లో ఉంటుంది. నీళ్ళు మోసే మనిషి నడుం ఎంత ఎత్తులో ఉంటుందో ఉండదు. పదిహేను లీటర్ల బిందె అంటే నీళ్ళ బరువే 15 కిలోలు. ఆ బరువు ఏ కీలు మీద పడుతుందో గమనించడానికి, మోసేవాళ్ళని అడిగి తెలుసుకోవడానికి కావలసిన చూపుని నేను కళ అనే అంటాను. సౌందర్యం అంటే చూసేవాడి కంటికి సంబంధించినదే అయితే ఆ గట్టు కళ కాకపోవచ్చు. వాడే మనిషి ఒంటికి కూడా సంబంధించినదైతే అవుతుంది.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన ప్రశ్న అది కాదు. నీళ్ళు మొయ్యడం ఆడవాళ్ళ పనే అని ఎవరు అన్నారు? బిందె ఆనించుకునే గట్టు కట్టడమంటే, ఆ పని ఆమెదే అని సిమెంటులో రాసిపెట్టడం కాదా? బరువు తేలిక చెయ్యడానికీ, బరువుని ఒప్పుకోవడానికీ మధ్య తేడా ఎక్కడ?

ఈ అనుమానానికి మన వంటిళ్ళే సాక్ష్యం. పొగరాని పొయ్యి వచ్చింది, గ్యాస్ వచ్చింది, గ్రైండర్ వచ్చింది. రుబ్బే పద్ధతి మారింది, రుబ్బే మనిషి మారలేదు. పైగా "ఇప్పుడు మీకేం కష్టం?" అనే మాట అదనంగా వచ్చింది. సౌకర్యం అసలు ప్రశ్న నోరు మూయించగలదు. కళ కూడా ఆ పనే చేస్తే, పక్కన ఎంత అందమైన శిల్పం పెట్టినా అది పితృస్వామ్యానికి మంచి పనివాడే అవుతుంది.

అయితే దీనికి మరో పక్క ఉంది. ఖమ్మం జిల్లాలో మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో బోరింగు దగ్గర నిండు బిందె నెత్తికెత్తుకోవాలంటే ఇంకో మనిషి చెయ్యి కావాలి. "కాస్త ఎత్తించు వదినా" అని పిలిచేవాళ్ళు. దీన్ని సోదరీత్వం అని రాసుకోవడం తేలిక. కానీ ఆ చెయ్యి అందరిదీ కాదు. వాడలోంచి వచ్చిన ఆమె అందరి బిందెలూ నిండేదాకా ఎడంగా నిలబడేది. ఆమె బిందెకి మా ఇంటివైపు ఆడవాళ్ళెవరూ చెయ్యి వేసేవాళ్ళు కాదు. నల్పార్ గట్టు ఫొటో చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆమె. గట్టు కులం అడగదు. ఎవరో జాలిపడి చెయ్యి వెయ్యాలని ఎదురుచూడనక్కర్లేకుండా, తన బరువు తానే ఎత్తుకుని వెళ్ళగల మనిషికి ఉండే స్వేచ్ఛ చిన్నదేమీ కాదు. 'ఈ సౌకర్యం నీ భారాన్ని శాశ్వతం చేస్తుంది సుమా' అని ఆమెకి చెప్పడానికి నేనెవర్ని? నా ఇంట్లో కుళాయి ఉంది.

అందుకే తేడా గట్టులో లేదనిపిస్తోంది. ఆ గట్టు ఎంత ఎత్తుండాలో చెప్పింది ఎవరన్న దాంట్లో ఉంది. మోసేవాళ్ళ మాట వినకుండా కట్టిన గట్టు దానం. వాళ్ళ కొలతతో, వాళ్ళ వాదనతో కట్టినదైతే, అక్కడ వాళ్ళు తమ ఒంటి గురించి నలుగురిలో మాట్లాడిన సందర్భం ఒకటి జరిగినట్టు. ఎత్తు గురించి మాట్లాడినవాళ్ళు రేపు మోత గురించి కూడా మాట్లాడొచ్చు. మాట్లాడతారన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

ఇక పేరు సంగతి. ఇలాంటి పనుల్లో నగరం నుంచి వచ్చినవాళ్ళు 'కళాకారులు', ఊళ్ళోవాళ్ళు 'హస్తకళాకారులు' అయిపోవడం పరిపాటి. శాంతీబాయి ఎక్కువగా మగవాళ్ళ చేతుల్లోనే ఉన్న కొయ్యశిల్పంలోకి వచ్చిన స్త్రీ. సంఘంలో ఆమె సాయం చేసే మనిషి కాదు, శిల్పి. అయినా ఇంగ్లీషులో రాసే వ్యాసాల్లో ముందు వచ్చే పేరు నవజోత్‌దే. ఇది ఆమె తప్పని అనను. పేర్లు ఏ భాషలో, ఏ గ్యాలరీ నుంచి ప్రయాణిస్తాయో ఆ వ్యవస్థ ఒక సంఘం మంచితనంతో మారేది కాదు. ఈ వ్యాసం రాస్తున్న నేనూ ఆ వ్యవస్థ లోపలే ఉన్నాను.

ఇంకొకటి, కట్టిన తర్వాతి పని. అమెరికన్ కళాకారిణి మియర్లె లాడర్‌మన్ యూకలీస్ 1969లో నిర్వహణ పనే కళ అని ప్రకటన రాశారు. 1973లో హార్ట్‌ఫర్డ్‌లోని మ్యూజియం మెట్లు మోకాళ్ళ మీద కూర్చుని కడిగారు. కొత్తది సృష్టించేవాళ్ళకి పేరొస్తుంది, దాన్ని రోజూ తుడిచి నిలబెట్టేవాళ్ళకి రాదు అన్నది ఆమె గొడవ. నల్పార్ కాలువలో పేరుకునే నాచు ఎవరు తీస్తారు? సమాజానికి సేవ చేసే ప్రతి కళాకేంద్రాన్నీ ప్రారంభోత్సవం రోజు కాకుండా మరుసటి ఏడు ఈ ప్రశ్న అడగాలి. జవాబు మళ్ళీ 'ఆడవాళ్ళే, ఊరికే' అయితే, సేవ అన్న పాత మాట దగ్గరికే తిరిగొచ్చినట్టు.

2016లో తెలంగాణలో మిషన్ భగీరథ, 2019లో దేశమంతా జల్ జీవన్ మిషన్ మొదలయ్యాయి. నీళ్ళు ఇంటికే రావాలి, వస్తే మంచిదే. పంపు దగ్గరి కబుర్ల కోసం ఆడవాళ్ళు బిందెలు మొయ్యాలని కోరుకోవడం క్రూరత్వం. కానీ పనేమీ లేకుండా ఒక ఆడమనిషి నిలబడి మాట్లాడగల బహిరంగ స్థలం మన ఊళ్ళల్లో ఎక్కడుంది? మగవాళ్ళకి రచ్చబండ ఉంది, టీకొట్టు ఉంది. ఆమె బయట నిలబడాలంటే ఇవాళ్టికీ చేతిలో ఏదో ఒక పని సాకుగా ఉండాలి. బిందె అవసరం తీరిపోయిన రోజున కూడా ఆ గట్టు మీద ఆమె కూర్చోగలదా అన్నది ఊరు చెప్పాల్సిన జవాబు. కళాకారులు చెయ్యగలిగింది గట్టు కట్టేటప్పుడు కూర్చోవడానికి కూడా సరిపడా వెడల్పు ఉంచమని అడగడం. ఆ వెడల్పు ఎంతో మళ్ళీ ఆమెనే అడగాలి.