గొర్రెలను అడగవచ్చా?

ఇంగ్లండులో డార్బీషైర్ కొండల నడుమ ఈమ్ అనే చిన్న ఊరుంది. 1665లో లండన్ నుంచి ఆ ఊరి దర్జీకి బట్టల మూట వచ్చిందనీ, ప్లేగు దాని వెంటే వచ్చిందనీ చెబుతారు. దర్జీ దగ్గర పనిచేసే జార్జ్ వికర్స్ సెప్టెంబరు 7న చనిపోయాడు. చలికాలంలో నెమ్మదించిన జబ్బు మరుసటి వేసవికి ఊరంతా కమ్ముకుంది.

1666 జూన్‌లో పాస్టరు విలియం మాంపెసన్ జనాన్ని ఒకటే కోరాడు: ఎవరూ పొలిమేర దాటవద్దు, దాటితే చుట్టుపక్కల ఊళ్లూ పోతాయి. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్లు కూడా లేవు, ఊరికి కొత్త. జనానికి గురి ఉన్నది పాత పాస్టరు థామస్ స్టాన్లీ మీద. 1662 నాటి మత చట్టానికి తల ఒగ్గక పదవి పోగొట్టుకున్న ప్యూరిటన్ ఆయన. అలాంటివాళ్లు తమ పాత చర్చికి ఐదు మైళ్ల లోపుకు రాకూడదని మరో చట్టం కూడా వచ్చింది. ప్రార్థన ఎలా చేయాలన్న తగవుకే మనుషుల్ని జైల్లో పెడుతున్న ఆ రోజుల్లో, చట్టం విడదీసిన ఈ ఇద్దరూ ఒక్క మాట మీద ఊరిముందు నిలబడ్డారు. ఊరు సరేనంది. ఈమ్ కథలో ఇంతకన్నా గొప్ప ఘట్టం లేదు.

చర్చి మూసేశారు. ఆదివారం ప్రార్థనలు కక్లెట్ డెల్ఫ్ అనే లోయలో, ఆరుబయట, ఎడంఎడంగా నిలబడి. చాట్స్‌వర్త్ జమీందారు డెవన్‌షైర్ ప్రభువు తిండి పంపాడు. పొలిమేర రాతి గుంటల్లో వెనిగర్ పోసి, అందులో నాణేలు ఉంచితే, పొరుగువాళ్లు అవి తీసుకుని సరుకులు పెట్టి వెళ్లేవారు. ఎవరి శవాలను వాళ్లే పాతుకోవాలి.

మంచి కాపరి గొర్రెల కోసం ప్రాణం పెడతాడని క్రైస్తవం నేర్పుతుంది. మరి ప్రాణం పెట్టమని కాపరే గొర్రెలను అడగవచ్చా?

ఎలిజబెత్ హాన్‌కాక్ ఆ ఆగస్టులో ఎనిమిది రోజుల వ్యవధిలో భర్తనూ ఆరుగురు బిడ్డలనూ పోగొట్టుకుంది. వాళ్లను తన చేతులతోనే పొలంలో పాతిపెట్టింది. మాంపెసన్ తన పిల్లలను ముందే ఊరు దాటించాడు. అది దాచవలసిన విషయం కాదు. ఆయన భార్య కేథరిన్ మాత్రం వెళ్లనని భర్తతోనే ఉండి, ఆగస్టు 25న కన్నుమూసింది. ఆమె సమాధి చర్చి ఆవరణలోనే ఉంది. మాంపెసన్ రాసిన ఉత్తరాలు మిగిలాయి, హాన్‌కాక్ మాట ఒక్కటీ మిగలలేదు.

సుమారు 260 మంది పోయారు. ఊళ్లోనే ఆగిపోవడంలో జనం ఇష్టమెంత, ఒత్తిడి ఎంత అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. వెళ్లడానికి వేరే ఇల్లు లేని పేదవాడు ఆగిపోవడాన్ని ఎంపిక అనగలమా అన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ రాత్రివేళ కొండదారి పట్టే వీలు చాలామందికి ఉంది. జూన్‌లో చెప్పిన సరేను వాళ్లు ప్రతి చావు తర్వాతా మళ్లీ చెప్పుకోవలసి వచ్చింది. అడిగిన పాస్టర్లిద్దరూ అదే గీత లోపల ఉన్నారు గనుకే ఆ అడగడానికి అర్హత వచ్చింది. బయట నిలబడి అడిగి ఉంటే అది పాపమే.

చావులు ఆ నవంబరుతో ఆగాయి. స్టాన్లీ 1670లో ఈమ్‌లోనే పోయాడు. మాంపెసన్ తర్వాత నాటింగమ్‌షైర్‌లోని ఈక్రింగ్‌కు మారాడు. ప్లేగు ఊరి మనిషని జంకిన అక్కడి జనం ఆయన్ను కొంతకాలం ఊరి బయట గుడిసెలో ఉంచారని చెబుతారు.