ఉద్యానశిల్పమును, చెరువుకట్టయు

గుక్కెడు నీటికై జనులు ఆకాశమువంక జూచు సీమలో, రాజు తన విహారమునకై కేళీగృహములను, చెక్కడపు కొలనులను గట్టించుకొనుట ధర్మమా? 1565లో విజయనగరము పాడుపడినది గాని యీ ప్రశ్న పాడుపడలేదు. ఏలయన, మిగిలిన కట్టడములను నేడు కాపాడుచున్నది మనమే. పిల్లలకు జూపుచున్నదియు మనమే. వానిని ఏమని చెప్పి చూపవలెనో నిర్ణయించుకొనుట మన విధి.

మా యాడికి ప్రాంతమున వాన నమ్మరానిది. ఇచ్చటివారు పూర్వరాజుల వైభవమును జూడగోరినచో పడమట నున్న హంపికి బోవుదురు. అచ్చట అంతఃపుర ప్రాకారములోని కమలమహలు రెండంతస్తుల సుకుమారమైన కట్టడము. దాని తోరణముల వంపులు తామరరేకులను దలపించును. రాణుల స్నానగృహమునకు వెలుపల సాదాగోడ, లోపల కొలను, దానిపైకి జొచ్చుకొనివచ్చిన చెక్కడపు గవాక్షములు. 1980ల దశాబ్దపు త్రవ్వకములలో బయల్పడిన మెట్లకోనేటికి రాతికంబములపై సాగిన కాలువ నీటిని దెచ్చెడిది. ఏ రాయి ఏ దిక్కున, ఏ వరుసలో నిలువవలెనో తెలుపు గుర్తులు ఆ మెట్లపై నేటికిని గలవు.

వీనిని జూచి కొందఱు స్వర్ణయుగమని మురియుదురు. మఱికొందఱు, పేదల చెమటతో గట్టిన భోగశాలలు కూలిన నేమి యందురు. రెండును తొందరపాటు మాటలే. సౌందర్యము రాజుల సొత్తు గాదు. కడవెడు నీటికి క్రోసెడు నడచు నిల్లాలును తెల్లవాఱకమునుపే వాకిట ముగ్గు పెట్టును. రాతిపై గుర్తు చెక్కిన కాసెవాని నేర్పు భోగము గాదు, విద్య. కట్టడమును గూల్చినచో రాజునకు నష్టములేదు; ఆ పనివాడు బ్రదికెననుటకు మిగిలిన సాక్ష్యము పోవును.

అయినను మెచ్చుకోలునకు నొక కొలత యుండవలెను. ఆ రాజ్యముననే 1369లో బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కడపసీమలో పోరుమామిళ్ల చెరువును గట్టించెను. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్ల కాలము పట్టెనని యచ్చటి సంస్కృతశాసనము చెప్పుచున్నది. మంచి చెరువునకు వలయు పండ్రెండంగములను, తొలగింపవలసిన యాఱు దోషములను గూడ నది పేర్కొన్నది. మన పెద్దలు లెక్కించిన సప్తసంతానములలో తటాకమునకును, వనమునకును జోటు గలదు. రాజుగారి ప్రతిమకు లేదు.

చెరువు కట్టించినంతమాత్రముననే యంతయు ధర్మమగునా? కాదు. మా సీమలోని బుక్కరాయసముద్రము కట్ట తెగబోగా, ఊరికొఱకు ముసలమ్మ యను కోడలు ప్రాణమిచ్చెనని యైతిహ్యము. కట్టమంచి రామలింగారెడ్డిగారు దానినే 'ముసలమ్మ మరణము' అను కావ్యముగా రచించిరి. ఆ కథకు కన్నీరు గార్చు మనము, కట్ట నిలుచుటకు నొక యాడుదాని ప్రాణము వలయునన్న నమ్మకమును మాత్రము ప్రశ్నింపము. సౌందర్యము పేరిట నైనను, ప్రయోజనము పేరిట నైనను, ఒరుల ప్రాణమును తృణముగా వ్యయపెట్టుట దోషమే.

కావున చదువరులారా, పిల్లలను హంపికి దీసికొనిపోవుదము. కమలమహలు సొగసును మెచ్చుట నేర్పుదము. అంతటితో మరలిరాక, ఆ నీరెచ్చటినుండి వచ్చెను, రాళ్ల నెవరు మోసిరి, చల్లదన మెవరనుభవించిరి యని యడుగుటయు నేర్పుదము. కమలమహలునకు కాపలా గలదు, ప్రవేశరుసుము గలదు. ఊరి చెరువు పూడి తుమ్మలు మొలచుచున్నను అడుగువాడు లేడు. మెట్లకోనేటి మన్నును దొలగించుటలో జూపిన శ్రద్ధలో కొంత మన చెరువుల పూడికపై జూపినచో, పేరు మిగులని యా పనివారి ఋణము కొంతయైన దీఱును.